క్రేప్, రిబ్బన్, ఫోమ్: పూలగుత్తిలో ఏది ఎక్కడ?

అందరికీ నమస్తే అండి. చేత్తో పూలు చేయడానికి టేబుల్ మీద మూడు రకాల సరుకు ఉంది: క్రేప్ పేపర్, శాటిన్ రిబ్బన్, 1 మిల్లీమీటర్ ఫోమ్ షీట్. మూడూ ఒకే వాజ్‌లో కలపొచ్చు. కాకపోతే ఏది పువ్వుకి, ఏది ఆకుకి అన్నది తేల్చుకోకపోతే గుత్తి కలగాపులగం అయిపోతుంది.

పెద్ద గులాబీకి క్రేప్‌ని మించింది లేదు. దగ్గరగా చూడండి, కాగితం మీద నిలువుగా సన్న ముడతలున్నాయి కదా, రేక పొడవు వాటి వెంటే రావాలి. అడ్డంగా కత్తిరించారో, రేక పక్కలకి సాగదు. 5 సెంటీమీటర్ల వెడల్పు, 6 పొడవు తీసుకోండి. రెండు బొటనవేళ్లు మధ్యలో పెట్టి మెల్లగా పక్కలకి లాగితే, ఇదిగో, పొట్ట వచ్చింది. అంచుని పెన్సిల్‌కి చుట్టి వదలండి. లోపల 3 రేకులు బిగుతుగా, వాటి చుట్టూ 5, బయట 7. స్టేషనరీ షాపులో దొరికే పల్చటి క్రేప్ మొగ్గలకి సరిపోతుంది, పెద్ద పువ్వుకి మాత్రం రెండు పొరలు అతికించాల్సిందే. 180 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 180 గ్రాముల మందం కాగితం) అయితే ఒంటి పొరే నిలబడుతుంది. ఖరీదెక్కువ, అయినా మా ఓటు దానికే.

రిబ్బన్ చిన్న పూలకి. కత్తిరించిన అంచు పోగులు లేస్తుంది కాబట్టి కొవ్వొత్తితో కాల్చాలి. మంట పైన పెట్టకండి, మసి పడుతుంది. అడుగున నీలంగా ఉన్నచోట పక్కనుంచి చూపిస్తే చాలు. పాలిస్టర్ రిబ్బనే కొనండి. కాటన్‌ది కరగదు, అంటుకుంటుంది.

ఫోమ్‌ని ఆకుల వరకే ఉంచండి. రేకులు చేస్తే ప్లాస్టిక్ కళ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇస్త్రీపెట్టె వేడిని సిల్క్ గుర్తు దగ్గర పెట్టి, మధ్యలో బటర్ పేపర్ వేసి, 2-3 సెకన్లు అదమండి. వేడి తగ్గకముందే ఒంపు తిప్పి, టూత్‌పిక్‌తో ఈనెలు గీయాలి. గ్లూ గన్ జిగురు నేరుగా ఆకు మీద వేస్తే పల్చటి ఫోమ్ ముడుచుకుపోతుంది. ఆకు కాడగా పెట్టే తీగకి రాసి, ఒక్క క్షణం ఆగి అద్దండి.

గులాబీ కాడకి 18 గేజ్ తీగ, చిన్న పూలకి 22 లేదా 24. నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నమవుతుంది, కొనేటప్పుడు తిరగేసుకోకండి. ఇక కాడకి చుట్టే ఆకుపచ్చ ఫ్లోరల్ టేప్. అంటుకోవట్లేదని దాన్ని తిడతారు గానీ, అందులో ఉండేది మైనం. సాగదీస్తేనే జిగట బయటికొస్తుంది. లాగుతూ, ఏటవాలుగా, కిందికి చుట్టుకుంటూ పోండి.

వాజ్ 20 సెంటీమీటర్లుంటే పూలు దానిపైన 30 దాకా లేవొచ్చు. అడుగున బరువుకి ఇసుక మేలు. గాజు వాజ్‌లో నేరుగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయకండి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కి కాస్త ఉబ్బుతుంది, గాజు పగలొచ్చు. ప్లాస్టిక్ గ్లాసులో పోసి, ఆ గ్లాసుని లోపల దించండి.

వరలక్ష్మీ వ్రతానికి పెట్టేవాళ్లు దీపాలకి బాగా ఎడంగా ఉంచండి. క్రేప్ ఇట్టే అంటుకుంటుంది, సెగకి గ్లూ కూడా మెత్తబడి రేకులు ఊడతాయి. దుమ్ము పడితే పొడి బ్రష్‌తో దులపండి. తడిగుడ్డ తగిలితే క్రేప్ రంగు కారి పక్కనున్న తెల్ల రిబ్బన్‌కి అంటుతుంది.