నెల సరుకుల బడ్జెట్ రూపాయల్లో రాస్తున్నారా? అందుకే నిలబడట్లేదు!

నమస్తే అండీ. వీడియో ఒక్క నిమిషం ఆపి, వంటింట్లోకి వెళ్ళి నూనె ప్యాకెట్ తెచ్చుకోండి. తెచ్చారా? ముందువైపు పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మతో మనకు పని లేదు, వెనక్కి తిప్పండి. కింద అతుకు దగ్గర, చీమ తలకాయంత అక్షరాల్లో ‘నెట్ క్వాంటిటీ’ అని ఉంటుంది. ఎంతుంది? 910 గ్రాములుంటే సరే, అది లీటరు. 870, 850, 800 అని ఉంటే మాత్రం మీరు లీటరు అనుకుని తెచ్చింది లీటరు కాదు. చూడ్డానికి ప్యాకెట్ అదే, షాపులో పెట్టేది కూడా లీటరు ప్యాకెట్ల పక్కనే. మీ నెల బడ్జెట్ బోల్తా కొడుతున్నది అక్కడే!

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ‘నలుగురికి ఐదు వేలకే నెల సరుకులు’ అని ఒకరు వీడియో పెట్టడం, ‘ఏ ఊళ్ళోనమ్మా ఐదు వేలకి?’ అని కింద వందల మంది తిట్టిపోయడం. మీరూ చూసే ఉంటారు, కొంతమంది కామెంట్లు పెట్టే ఉంటారు. ఐదు వేలన్నవాళ్ళూ, పదిహేను వేలన్నవాళ్ళూ అందరూ రూపాయల్లోనే కొట్టుకుంటున్నారు. ఒక్కరంటే ఒక్కరు ‘మీ ఇంట్లో నెలకి నూనె ఎన్ని గ్రాములు, పప్పు ఎన్ని గ్రాములు’ అని అడగలేదు. నేను గట్టిగా చెబుతున్నా వినండి: సరుకుల బడ్జెట్ గ్రాముల్లో రాయాలి. రూపాయి దాని వెనకాలే వస్తుంది.

నూనెతోనే లెక్క వేద్దాం. నలుగురున్న ఇల్లు, పొద్దున టిఫిన్, రెండు పూటలా కూర, పోపు. రోజుకి 120 గ్రాములనుకోండి. ఒకటో తారీఖున నాలుగు ప్యాకెట్లు తెచ్చారు. ఒక్కోటి 910 గ్రాములైతే మొత్తం 3,640, ముప్పై రోజులు దాటి ఇంకాస్త మిగులుతుంది. అవే నాలుగు ప్యాకెట్లు 850 గ్రాములవైతే 3,400. ఇరవై ఎనిమిది రోజులకి 3,360 అయిపోయింది. మిగిలింది నలభై గ్రాములు. ఇరవై తొమ్మిదో రోజు పొద్దున దోసెలకి సరిపోయింది. మధ్యాహ్నం స్టవ్ మీద బాండీ వేడెక్కింది, చేతిలో ఆవాలు, జీలకర్ర రెడీగా ఉన్నాయి, ప్యాకెట్ పిండితే నాలుగు చుక్కలు!

అప్పుడేం చేస్తారు? ఫోన్ తీస్తారు. నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే యాప్. ఒక్క నూనె ప్యాకెట్ వేస్తే డెలివరీ చార్జీ, హ్యాండ్లింగ్ చార్జీ, ఆర్డర్ చిన్నదైందని ఇంకో చార్జీ. ‘ఇంకొంచెం కలిపితే డెలివరీ ఫ్రీ’ అని పైన ఒక గీత నిండుతూ కనిపిస్తుంది. సరే అని చిప్స్ ఒకటి, పిల్లలకి ఐస్‌క్రీమ్ ఒకటి. నూటయాభై రూపాయల నూనెకోసం వెళ్ళి మూడు వందలు కట్టి బయటికొస్తారు. రాత్రికి ‘ధరలు మండిపోతున్నాయి’ అనుకుంటారు. మండుతున్నాయి, కాదనను. కానీ ఆ మూడు వందలు ధర వల్ల పోలేదండీ, నాలుగు ప్యాకెట్లలో కలిపి తగ్గిన ఆ 240 గ్రాముల వల్ల పోయాయి!

‘ఆ చిన్న ప్యాకెట్ ఐదు రూపాయలు తక్కువ కదా’ అంటారేమో. చూద్దాం. 910 గ్రాములది 150 రూపాయలనుకోండి. ఆ లెక్కన 850 గ్రాములకి పడాల్సింది 140. మీ దగ్గర తీసుకున్నది 145. తక్కువకి కొన్నామన్న సంతోషంతో ఐదు రూపాయలు ఎక్కువ ఇచ్చొచ్చాం.

ఇది దొంగతనమా అంటే, చట్టప్రకారం కాదు. 2022కి ముందు నూనె, పప్పులు, బిస్కట్లు, సబ్బులు ఏయే బరువుల్లో ప్యాక్ చేయాలో తూనికలు కొలతల నిబంధనల్లో ఒక పట్టిక ఉండేది. దాన్ని ఎత్తేశారు. బదులుగా గ్రాముకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించమన్నారు. మంచి మాటే. కానీ కిలో లోపు ప్యాకెట్‌కి ఆ రేటు గ్రాముకి ఇంత అని, రెండు దశాంశాలతో ఉంటుంది. ‘0.17’ అని రెండు ప్యాకెట్ల మీదా ఉందనుకోండి, ఒకదాని అసలు లెక్క 0.166, ఇంకోదానిది 0.174 కావచ్చు. కిలో దగ్గరికొచ్చేసరికి ఎనిమిది రూపాయల తేడా, అచ్చులో మాత్రం రెండూ ఒకటే! పైగా అది ఎమ్మార్పీ మీద వేసిన లెక్క, షాపువాడిచ్చే డిస్కౌంట్ అందులో ఉండదు. అందుకే ఫోన్లో కాలిక్యులేటర్ తీసి, మీరు కట్టే ధరని గ్రాములతో భాగించి వందతో గుణించండి. వంద గ్రాములకి ఎంతో వస్తుంది. పోల్చాల్సింది ఆ అంకెని.

పెద్ద ప్యాక్ ఎప్పుడూ చవక అనే నమ్మకం కూడా ఈ కాలిక్యులేటర్ ముందు నిలబడదు. షాంపూ చూడండి. చాలా బ్రాండ్లలో మిల్లీలీటరు లెక్కన రూపాయి సాచెట్ కన్నా పెద్ద సీసానే ఖరీదు. ఇంకోటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, బిస్కట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఐదు, పది రూపాయల ప్యాకెట్ ధర అలాగే ఉంటే, మనకు రావాల్సిన ఆ తగ్గింపు బరువులో కనిపించాలి. పాత ప్యాకెట్ ఎన్ని గ్రాములో రాసిపెట్టుకోనివాళ్ళకి అది వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఇక బియ్యం. బస్తా ఇప్పుడు 26 కిలోలు ఎందుకుంటోందో గమనించారా? 2022 జులై 18 నుంచి, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. ఒక్క కిలో పెంచితే ఆ పన్ను లేదు. కాబట్టి 25 కిలోల బ్యాగ్‌నీ 26 కిలోల బస్తానీ బస్తా ధర చూసి పోల్చకండి, కిలోకి ఎంతో చూడండి. అసలు చిక్కు మాత్రం వేరే ఉంది: బస్తాకీ నెలకీ పొంతన కుదరదు. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు అంచుదాకా సమంగా పోస్తే 150 గ్రాములు పడుతుంది. రోజుకి నాలుగు కప్పులంటే 600 గ్రాములు. 26 కిలోల బస్తా 43 రోజులొస్తుంది. జనవరి ఒకటిన ఒకటి కొన్నారు. ఫిబ్రవరి 13న రెండోది. మార్చి 28న మూడోది. అది మే 10 దాకా వస్తుంది. అంటే ఏప్రిల్లో బస్తా ఖర్చే లేదు! రూపాయల్లో బడ్జెట్ రాసేవాళ్ళకి ఏప్రిల్లో పదిహేను వందలు మిగిలినట్టు కనిపిస్తుంది. మిగల్లేదు, అది బియ్యం డబ్బు. ఆ నెల అవి ఖర్చయిపోతాయి, మేలో బస్తా ఒకవైపు, ఆవకాయ ఒకవైపు మీద పడతాయి. నువ్వుల నూనె, ఆవపిండి, పచ్చళ్ళ కారం, ఏడాదికి సరిపడా చింతపండు, అన్నీ ఎండాకాలంలోనే. అందుకే 1,500 బస్తా అయితే ప్రతి నెలా 1,040 బియ్యం కింద పక్కన పెట్టాలి, బస్తా కొన్నా కొనకపోయినా. పచ్చళ్ళ ఖర్చుని పన్నెండుతో భాగించి ప్రతి నెలా తీసిపెట్టాలి. పాత బియ్యం కిలోకి నాలుగు రూపాయలు ఎక్కువైనా భయపడకండి, అన్నం బాగా ఒదుగుతుంది, కాస్త తక్కువ పోస్తే సరిపోతుంది.

మరి ఎలా మొదలుపెట్టాలి? ఒక పెర్మనెంట్ మార్కర్ కొనండి. ఏ ప్యాకెట్ కత్తిరించినా ఆ రోజు తారీఖు దాని మీదే రాయండి. ఖాళీ అయ్యాక పారేయకుండా ఒక సంచిలో వేయండి. నెలాఖరుకి సంచి తీస్తే నూనె, కందిపప్పు, మినపగుళ్ళు, పంచదార, టీపొడి, ఏది ఎన్ని రోజులొచ్చిందో తెలిసిపోతుంది. అదే మీ ఇంటి లెక్క. వేరేవాళ్ళ ఐదు వేల లిస్టు మీకు పనికిరాదు, వాళ్ళింట్లో దోసెలు ఎన్నిసార్లు పోస్తారో మీకు తెలియదు కదా.

తర్వాతి నెల లిస్టు ముప్పై రోజులకి కాదు, 33 రోజులకి రాయండి. ఆ అదనం మొదటి నెలే, తర్వాత ఆ మూడు రోజుల నిల్వ ఇంట్లోనే ఉండిపోతుంది. డబ్బాలకి బయట ఒక ప్లాస్టర్ ముక్క అంటించి, కింది నుంచి మూడోవంతు దగ్గర గీత గీయండి. ఇరవయ్యో తారీఖు రాత్రి అన్ని డబ్బాలూ చూడాలి. సరుకు గీత కిందికి దిగిందా, ఇంకా పది రోజులుంది కాబట్టి అప్పుడే సర్దొచ్చు. నూనె తగ్గితే రెండు రోజులు దోసెల బదులు ఇడ్లీ. పప్పు తగ్గితే ముద్దపప్పు ఆపి పప్పుచారు. ఇరవై తొమ్మిదిన చూస్తే ఏమీ చేయలేం, యాప్ తెరవాల్సిందే.

ఒకటి జాగ్రత్త. చవగ్గా ఉందని బొంబాయి రవ్వ, శనగపిండి కిలోలకి కిలోలు తేకండి, ముఖ్యంగా వానాకాలంలో. పురుగు పడితే లెక్క మొత్తం చెత్తబుట్టలోకే. అర కిలో చాలు, రవ్వని దోరగా వేయించి, చల్లారాక డబ్బాలో పోయండి. కూరగాయలు, పాలు ఈ లెక్కలో కలపకండి. కూరగాయలకి వారం డబ్బు విడిగా కవర్లో పెట్టుకుని రైతు బజార్‌కి వెళ్ళండి, అక్కడి బోర్డు మీద ఆ రోజు ధరలుంటాయి.

ఇందాక తెచ్చిన నూనె ప్యాకెట్ ఇంకా చేతిలోనే ఉందిగా? దాని మీద ఎన్ని గ్రాములుందో, ఎంతకి కొన్నారో, మీది ఏ ఊరో కామెంట్లో రాయండి. బ్రాండ్ పేరు అక్కర్లేదు, గ్రాములూ రూపాయలూ చాలు. వంద గ్రాములకి ఎక్కడ ఎంత పడుతోందో వచ్చే వీడియోలో పక్కపక్కన పెట్టి చూపిస్తాను.