కోత మీ ఒంటిని బట్టి కాదు, మీరెక్కిన ఆసుపత్రి మెట్లను బట్టి!

నమస్కారం. అవసరం లేకపోయినా సిజేరియన్లు, అంటే కడుపు కోసి చేసే కాన్పులు, ఎక్కువగా చేస్తున్నారని నడుస్తున్న గొడవ మీకందరికీ తెలిసిందే కాబట్టి దాన్ని మళ్లీ మొదటి నుంచి ఏకరువు పెట్టను. ఒక్క మాట మాత్రం కుండబద్దలు కొట్టినట్టు చెప్పి మొదలుపెడతాను. మన దగ్గర ఒక గర్భిణికి కడుపు కోస్తారా, కోయరా అన్నది ఆమె ఆరోగ్యాన్ని బట్టి, లోపలి బిడ్డ తీరును బట్టి తేలుతున్న దానికంటే, ఆమె ఏ ఆసుపత్రి మెట్లెక్కిందన్న దాన్ని బట్టి ఎక్కువగా తేలిపోతోంది. ఈ మాట కొందరు డాక్టర్లకు కోపం తెప్పిస్తుందని నాకు తెలుసు. కోపగించుకోండి, అభ్యంతరం లేదు, కానీ ముందు అంకెలు చూడండి.

2019-21 నాటి అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశం మొత్తం మీద సగటు 21.5 శాతం. అసలు సంగతి ఈ పెద్ద అంకెలో లేదు, దాన్ని రెండుగా చీల్చి చూస్తే బయటపడుతుంది. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వంలో 26.6, ప్రైవేటులో 63. అంటే తెలంగాణలో ప్రైవేటులో పురుడు పోసుకున్న ప్రతి అయిదుగురిలో నలుగురు కుట్లతో ఇంటికి వెళ్లారు. ఒకే జిల్లా, ఒకే తిండి, ఒకే ఎండ, ఒకే రకం మనుషులు, అయినా రోడ్డుకు ఈ పక్క గేటులోకి వెళితే ఒక లెక్క, ఆ పక్క గేటులోకి వెళితే దాదాపు రెట్టింపు లెక్క.

దీని గురించి ఎప్పుడు అడిగినా మనకు దొరికే జవాబు ఒక్కటే. ఆడవాళ్లే నొప్పులు భరించలేక ఆపరేషన్ అడుగుతున్నారని, కుటుంబాలు పంతులుగారి దగ్గరికి పరుగెత్తి ముహూర్తాలు పెట్టించుకుని వస్తున్నాయని, డాక్టర్లు పాపం ఏం చేస్తారని అంటారు. ముహూర్తం పిచ్చి మన దగ్గర లేదని నేను అనను. పుష్యమీ నక్షత్రం దాటకముందే బిడ్డను బయటికి తీయాలని ఆపరేషన్ థియేటర్ బయట వాచీ చూసుకుంటూ తిరిగే తాతయ్యలు ఉన్నారు, అది సిగ్గుపడాల్సిన విషయమే. అయితే ముహూర్తాలను నమ్మేవాళ్లంతా ప్రైవేటుకు, నమ్మనివాళ్లంతా ప్రభుత్వ ఆసుపత్రికి వెళుతున్నారా? డబ్బున్నవారు, వయసు కాస్త ముదిరాక గర్భం దాల్చినవారు, బరువు ఎక్కువున్నవారు ప్రైవేటుకే ఎక్కువ వెళతారన్న వాదనలో కొంత నిజముంది కానీ, ఆ కొంత నిజం 44ను 81 చేసేంత పెద్దది కాదు. నన్నడిగితే ముహూర్తం ఒక మంచి సాకు. తప్పును తెచ్చి తల్లి ఒడిలోనే పడేసే సాకు అది.

నొప్పులు భరించలేకపోవడం సంగతి కూడా తేల్చుకుందాం. ప్రసవ వేదనను తగ్గించడానికి వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మందు ఉంది, అది కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మరి అది ఎందుకు ఇవ్వరు? ఇవ్వాలంటే మత్తు డాక్టరు గంటల తరబడి అందుబాటులో ఉండాలి. మన ఊళ్లలోని చాలా నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టరు సొంత ఉద్యోగి కాదు, ఫోన్ చేస్తే నాలుగు ఆసుపత్రుల మధ్య తిరుగుతూ వచ్చి, ఆపరేషన్‌కు మత్తు ఇచ్చి వెళ్లిపోయే మనిషి. నొప్పి తగ్గించడానికి దొరకని ఆ డాక్టరు, కోతకు మాత్రం అరగంటలో దిగిపోతాడు. ఆ తర్వాత నొప్పి భరించలేక ఆమే అడిగిందని కేస్ షీటులో రాసుకుంటారు.

ఇక్కడే నా సిద్ధాంతం చెబుతాను, ఒప్పుకోకపోతే ఈ వీడియో కింద తిట్టండి. అందరూ డబ్బు అంటారు, నేను గడియారం అంటాను. మొదటి కాన్పు నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ బయటపడే వరకు పన్నెండు గంటలు పట్టవచ్చు, పద్దెనిమిది పట్టవచ్చు, అర్ధరాత్రి మొదలై మర్నాడు సాయంత్రానికి తేలవచ్చు. ఆపరేషన్ గంటలోపు ముగుస్తుంది. ఒకే ఒక్క గైనకాలజిస్టు నడిపే ఆసుపత్రిలో ఆమెకు పొద్దున ఓపీలో బారులు తీరిన గర్భిణులుంటారు, సాయంత్రం స్కానింగులుంటాయి, ఇంట్లో పిల్లల పరీక్షలుంటాయి. ఆమె దుర్మార్గురాలు కానక్కరలేదు, అలసిపోయి ఉంటే చాలు. తల్లి పక్కన కూర్చుని నొప్పుల తీరును గమనిస్తూ, సమస్య వస్తేనే డాక్టరును పిలిచే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ ఉంటే ఆ భారం తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి వారి సాయంతో ఇలాంటి శిక్షణ మొదలుపెట్టింది. ఎన్ని ప్రైవేటు నర్సింగ్ హోముల్లో అలాంటి మిడ్‌వైఫ్ ఉందో మీ ఊళ్లో మీరే ఒకసారి చూసి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైతం 44.5 శాతం ఉండటానికి కారణం కూడా నా దృష్టిలో ఇదే, లేబర్ రూములో మనుషులు తక్కువ, మంచాలు తక్కువ, ఒక షిఫ్టులో మొదలైన కాన్పును తర్వాతి షిఫ్టుకు మోయాలంటే ఎవరికీ ఓపిక ఉండదు.

ఇప్పుడు ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు పెట్టించుకునే సంతకం దగ్గరికి వద్దాం. మీరందరూ చూసే ఉంటారు. సిస్టర్ ఒక అట్ట మీద క్లిప్పు పెట్టిన కాగితం పట్టుకుని గబగబా వస్తుంది, కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, మధ్యలో ఆపరేషన్ పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉంటుంది, కింద ఇంటూ మార్కు పెట్టి ఉంటుంది. "మెడకు పేగు చుట్టుకుంది, ఉమ్మనీరు తగ్గిపోతోంది, తొందరగా సంతకం పెట్టండి, ఆలస్యమైతే మా బాధ్యత కాదు" అంటుంది. భర్త చెయ్యి వణుకుతుంటుంది, అత్తగారు పక్కన దేవుడికి దండం పెట్టుకుంటూ ఉంటుంది, సంతకం పడిపోతుంది. ఇందులో గర్భిణి ఎక్కడుంది? లోపల ఉంది. ఆమెను అడిగినవారు లేరు.

మెడకు పేగు చుట్టుకోవడం అనే మాట వినగానే మన ఇంట్లో అందరికీ గుండె ఆగినంత పని అవుతుంది. నిజమేమిటంటే పుట్టే బిడ్డల్లో దాదాపు నాలుగోవంతు మందికి బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది, కాన్పు చేసేవారు తల బయటికి రాగానే దాన్ని వేలితో తప్పిస్తారు. గుండె చప్పుడు బాగున్నంత కాలం అదొక్కటే కోతకు కారణం కాదు. బిడ్డ పెద్దగా ఉందనే మాట కూడా అంతే, నెలలు నిండాక స్కానింగులో చెప్పే బరువు పది, పదిహేను శాతం అటూ ఇటూ కావడం మామూలే. మూడున్నర కిలోలు అని చెప్పిన బిడ్డ మూడు కిలోలే ఉండవచ్చు. ఇక నొప్పులు ముందుకు సాగడం లేదనే కారణం ఒకటుంది. గర్భద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోకపోతే ఏదో తేడా ఉన్నట్టేనని చాలాకాలం నేర్పారు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్క అందరికీ వర్తించదని, అయిదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పుల దశ మొదలైనట్టు చూడాలని, మొదటి కాన్పులో ఆ దశే పన్నెండు గంటల వరకు సాగవచ్చని, తల్లీబిడ్డలు బాగున్నప్పుడు నెమ్మదిగా సాగడం ఒక్కటే జోక్యానికి కారణం కాదని స్పష్టంగా చెప్పింది. మూడు సెంటీమీటర్ల దగ్గర ఉన్న అమ్మాయిని చూసి సాగడం లేదని తేల్చేసేవారు ఈ మాట చదివారా, చదివి పక్కన పెట్టారా?

కోతలు ఎక్కువైతే ప్రాణాలు ఎక్కువ నిలుస్తాయి కదా అని ఎవరైనా అంటే వారిని కేరళ వైపు చూడమనండి. మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే కేరళలో సిజేరియన్లు 38.9 శాతం. 2018-20 లెక్కల్లో అక్కడ ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 19, తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. కేరళ అంకె కూడా నా దృష్టిలో ఎక్కువే, అయినా మనకంటే తక్కువ కోస్తూ మనకంటే ఎక్కువ మందిని కాపాడుతున్నారు. అలాగని తక్కువ అంకె చూసి మురిసిపోకూడదు, బీహార్‌లో 9.7 శాతం ఉందంటే అక్కడ కోత నిజంగా అవసరమైన తల్లికి థియేటరు అందని సందర్భాలూ అందులో కలిసి ఉంటాయి.

అయితే ఏం చేయాలి? నొప్పులు మొదలయ్యాక ఆసుపత్రిలో వాదించమని నేను చెప్పను, అప్పుడు వాదించే శక్తి ఎవరికీ ఉండదు, ఉండాలని కోరుకోవడం కూడా క్రూరత్వమే. నిర్ణయం జరిగేది అయిదో నెలలో, మీరు ఏ డాక్టరు దగ్గర పేరు రాయించుకుంటారన్న దగ్గర. తులం బంగారం కొనడానికి వెళితే తరుగు ఎంత, మజూరీ ఎంత, హాల్‌మార్క్ ఉందా అని మూడు దుకాణాలు తిరిగే మనం, ఆసుపత్రిలో మాత్రం ఏసీ గది అద్దె ఎంతో అడిగి ఊరుకుంటున్నాం.

అడగాల్సిన ప్రశ్న ఇది. ఊరికే మీ దగ్గర సిజేరియన్లు ఎంత శాతం అని అడిగితే, మా దగ్గరికి అన్నీ కష్టమైన కేసులే వస్తాయని తప్పించుకుంటారు, పెద్ద ఆసుపత్రుల విషయంలో అది నిజం కూడా కావచ్చు. కాబట్టి ఇలా అడగండి. మొదటి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి ఉంది, నెలలు నిండాయి, నొప్పులు వాటంతట అవే వచ్చాయి, ఇలాంటి తల్లుల్లో గత సంవత్సరం ఎంతమందికి మీరు ఆపరేషన్ చేశారు? దీన్ని రాబ్సన్ వర్గీకరణలో ఒకటో గుంపు అంటారు, ఆసుపత్రులను పోల్చి చూడటానికి ఈ వర్గీకరణనే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. కష్టమైన కేసులన్నీ ఈ గుంపులోంచి ముందే తప్పుకుంటాయి కాబట్టి ఇక సాకు చెప్పడం కష్టం. లెక్క చెప్పిన డాక్టరుకు అంకె కాస్త ఎక్కువున్నా నేను దండం పెడతాను. లెక్క ఉంచుకోని ఆసుపత్రిని, అడిగినందుకు విసుక్కున్న ఆసుపత్రిని అయిదో నెలలో మార్చుకోవచ్చు, తొమ్మిదో నెలలో మార్చుకోలేరు. దాంతోపాటు రాత్రి పూట ఎవరుంటారు, ఎపిడ్యూరల్ ఇస్తారా, లేబర్ రూములోకి అమ్మనో భర్తనో రానిస్తారా అని కూడా అడగండి. మొదటి కాన్పు ఆపరేషన్ అయినవారు రెండోది మామూలుగా ప్రయత్నించడానికి ఒప్పుకుంటారా అని అడగండి, ఎందుకంటే తగిన పరిస్థితుల్లో, వెంటనే ఆపరేషన్ చేసే ఏర్పాటున్న చోట అలా ప్రయత్నించినవారిలో ఎక్కువమందికి మామూలు కాన్పే అవుతుంది. ఈ ఒక్క విషయం అడగకపోవడం వల్ల ఒక కోత రెండు కోతలవుతోంది, ఆ తర్వాతి గర్భంలో మాయ, అంటే ప్లసెంటా, పాత మచ్చకు అతుక్కుని ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం పెరుగుతోంది.

చట్టం ఎవరి వైపుందో కూడా చెప్పి ముగిస్తాను. ఢిల్లీలో 44 ఏళ్ల మహిళ ఒకరు పరీక్ష కోసం లాపరోస్కోపీకి, అంటే చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి కడుపు లోపల చూడటానికి, మత్తు తీసుకుంటే, ఆమె స్పృహలో లేనప్పుడు బయట ఉన్న ఆమె తల్లి ఒప్పుకుందన్న ఆధారంతో గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తల్లి సమ్మతి చెల్లదని తేల్చింది. రోగి వయోజనురాలు, ప్రాణాపాయం లేదు, మెలకువ వచ్చే వరకు ఆగవచ్చు, కాబట్టి అడగాల్సింది ఆమెనేనని, చికిత్స ఏమిటి, ప్రత్యామ్నాయాలు ఏమిటి, ప్రమాదాలేమిటి, వద్దంటే ఏమవుతుంది అన్నవి చెప్పాకే సమ్మతి అవుతుందని చెప్పింది. పరిహారం మాత్రం పాతిక వేల రూపాయలు, ఆపరేషన్ ఫీజు వసూలు చేయకూడదన్నారు, ఆ అంకె వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా సూత్రం మనది. మీ కేస్ షీట్ల నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి, అదీ గుర్తుంచుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నా, రక్తస్రావం ఆగకపోయినా, రక్తపోటు పెరిగి ఫిట్స్ వచ్చినా, బొడ్డుతాడు బిడ్డ కంటే ముందే జారినా, బిడ్డ అడ్డంగా ఉన్నా ఈ వీడియో గుర్తు చేసుకుంటూ కూర్చోకండి, సంతకం పెట్టండి. అలాంటి వేళ కోత ప్రాణదాత.

2017లో అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ, ఆసుపత్రులన్నీ తమ సిజేరియన్ల లెక్క బయటపెట్టేలా చేయాలని ఆరోగ్య మంత్రికి లేఖ రాశారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద ఉన్న ప్రైవేటు ఆసుపత్రులు మామూలు కాన్పులు ఎన్ని, ఆపరేషన్లు ఎన్ని అన్నది బోర్డు మీద రాసి పెట్టాలని ఆదేశం కూడా వచ్చింది. ఆ పథకం మన హైదరాబాద్‌లోనూ నడుస్తోంది. ఈ వారం మీరు ఏ పని మీద ఏ ఆసుపత్రికి వెళ్లినా రిసెప్షన్ గోడ చూడండి, బోర్డు ఉంటే సంవత్సరం, అంకెలు స్పష్టంగా కనిపించేలా ఫొటో తీసి నాకు పంపండి. బోర్డు లేకపోతే ఖాళీ గోడనే ఫొటో తీసి పంపండి.