'ఓన్లీ' ఏ మాట పక్కన?

శ్రోతలకు నమస్కారం. మందుల చీటీ మీద ఇంగ్లీషులో 'టేక్ ఓన్లీ వన్ టాబ్లెట్ ఆఫ్టర్ ఫుడ్' అని ఉందనుకుందాం. అన్నం తిన్నాక ఒక్క మాత్రే వేసుకోవాలి, రెండు వద్దు అని దాని అర్థం. అదే 'టేక్ వన్ టాబ్లెట్ ఓన్లీ ఆఫ్టర్ ఫుడ్' అని ఉంటే, ఆ మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి, పరగడుపున వద్దు అని. మాటలన్నీ అవే. 'ఓన్లీ' చోటు మారింది, దాంతోపాటు వైద్యుడి హెచ్చరికా మారింది.

తెలుగులో ఈ పని ఎక్కువగా ఏకారం చేస్తుంది. సీత రవికి ఐదువందలు అప్పిచ్చింది అన్న వాక్యంలో సీతే, రవికే, ఐదువందలే, అప్పే అని ఏ మాటకు కావాలంటే ఆ మాట చివర తగిలిస్తాం. ఇంగ్లీషులో 'ఓన్లీ' సాధారణంగా మాటకు ముందు నిలుస్తుంది. 'ఓన్లీ సీత లెంట్ రవి ఫైవ్ హండ్రెడ్ రూపీస్' అంటే ఇచ్చింది సీత ఒక్కతే. 'సీత లెంట్ ఓన్లీ రవి' అంటే రవికి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. 'లెంట్ రవి ఓన్లీ ఫైవ్ హండ్రెడ్' అంటే అంతకు మించి ఇవ్వలేదు. మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్లు 'సీత ఓన్లీ లెంట్ రవి ఫైవ్ హండ్రెడ్' అని క్రియకు ముందే పెట్టి, ఒత్తు మాత్రం 'ఫైవ్ హండ్రెడ్' మీద వేస్తారు. అది తప్పు కాదు. కానీ కాగితం మీద ఆ ఒత్తు వినిపించదు కదా! అందుకే రాసేటప్పుడు, ముఖ్యంగా ఒప్పందాల్లో, సూచనల్లో, 'ఓన్లీ'ని అది పట్టే మాట పక్కనే పెట్టాలి.

మనవాళ్లకు అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మన ఏకారం రెండు పనులు చేస్తుంది: ఒకటి హద్దు పెట్టడం, రెండోది నొక్కి చెప్పడం. 'ఓన్లీ'కి ఆ రెండో పని లేదు. ఆఫీసులో ఎవరైనా 'ఆయనే నాకు చెప్పారు' అనబోయి 'హీ ఓన్లీ టోల్డ్ మీ' అంటే, మన పక్కవారికి అర్థమవుతుంది. హిందీవారికీ అర్థమవుతుంది, వాళ్ల భాషలో మాట చివర చేర్చే 'హీ' కూడా మన ఏకారం లాంటిదే. లండన్‌లోనో డాలస్‌లోనో ఉన్న అధికారికి మాత్రం 'ఆయన నాకొక్కడికే చెప్పారు' అనో, 'ఆయన ఊరికే చెప్పారంతే' అనో వినిపిస్తుంది. అక్కడ 'హీ ఈజ్ ద వన్ హూ టోల్డ్ మీ' అనాలి.

దీనికి తేలికైన పరీక్ష ఒకటుంది. ఏకారం తీసేసి 'మాత్రమే' పెట్టి చూడండి. 'ఇద్దరే వచ్చారు' అన్నది 'ఇద్దరు మాత్రమే వచ్చారు' అయినా అర్థం చెడదు, కాబట్టి 'ఓన్లీ టూ కేమ్' సరైనది. 'మా ఇల్లు ఇక్కడే'ను 'ఇక్కడ మాత్రమే' అంటే కుదరదు. అప్పుడు 'ఓన్లీ' వద్దు, 'రైట్ హియర్' అనండి. 'రేపే వస్తాడు' కూడా అంతే, 'హీ ఈజ్ కమింగ్ టుమారో' చాలు, నొక్కాలంటే గొంతుతో నొక్కండి. 'నిన్ననే' దగ్గర కాస్త ఆగాలి. 'ఓన్లీ యెస్టర్డే' అంటే ఎంతో కాలం కాలేదు, మొన్నమొన్నటిదే అని. ఉత్తరం ఆలస్యం చేయకుండా నిన్ననే పంపానని చెప్పుకోవడానికి అది పనికిరాదు, 'ఐ సెంట్ ఇట్ యెస్టర్డే' అంటే సరిపోతుంది.

'ఓన్లీ' చివర రావడమే తప్పనుకోకండి. 'లేడీస్ ఓన్లీ' బోర్డు సరైనదే. చెక్కు మీద 'రూపీస్ ఫైవ్ థౌజండ్ ఓన్లీ' అని రాసేది తర్వాత ఎవరూ ఇంకో అంకె చేర్చకుండా. అంకెకీ 'ఓన్లీ'కీ మధ్య ఖాళీ వదిలితే ఆ కట్టడి పోతుంది.

ఇక పరీక్షలు రాసేవారికి ఒక మాట. వాక్యం మొదట్లో 'ఓన్లీ' ఏదైనా సమయాన్నో షరతునో పట్టుకుంటే, తర్వాత క్రియ ప్రశ్నలో వచ్చినట్టు తిరగబడుతుంది: 'ఓన్లీ ఆఫ్టర్ ద రెయిన్ స్టాప్డ్ డిడ్ ద బస్ లీవ్'. ఆ 'డిడ్' వదిలేయడం, లేదా దాన్ని 'రెయిన్' ముందు పెట్టడం తరచూ జరిగే పొరపాటు. తిరగబడేది రెండో భాగమే. కర్తను పట్టుకుంటే ఏమీ తిరగబడదు: 'ఓన్లీ సీత కేమ్'.