ఆ మారుత్ ఏ కంపెనీది?

(విజయనగరంలో విద్యార్థుల నమూనా విమానాల ప్రదర్శన సందర్భంగా చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, చోటు చాలక వరండాలో నిలబడ్డ తల్లిదండ్రులకు, బల్లల వెనక కూర్చున్న పిల్లలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాల్సినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇచ్చిన టైమ్ తక్కువ కాబట్టి మన్నించాలి.

‘నమూనా యుద్ధవిమానాల తయారీ, ఫొటోగ్రఫీ’ అని కరపత్రంలో వేశారు. రెండూ చెబుతాను. కానీ జడ్జీలు ఇంకా మార్కులు వేయలేదన్నారు కాబట్టి, ముందు వాళ్లు వినాల్సింది ఒకటుంది.

కొన్నేళ్ల క్రితం ఇలాంటి ప్రదర్శనకే వెళ్లాను. ఊరు చెప్పను. తొమ్మిదో తరగతి పిల్లవాడు మారుత్ చేసుకొచ్చాడు. మారుత్ అంటే మన దేశంలో రూపుదిద్దుకున్న మొదటి జెట్ ఫైటర్. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన ఫోకె-వుల్ఫ్ 190 ఫైటర్‌ని గీసిన జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్ బెంగళూరు వచ్చి, విమానాలు తయారుచేసే మన ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో మనవాళ్లతో కలిసి దాన్ని గీశాడు. 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. ఆ ఒంటికి తగ్గ ఇంజన్ చివరిదాకా దొరకలేదు. అయినా 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో దాడులు చేసి వచ్చింది. షాపులో స్పిట్‌ఫైర్ విమానం కిట్, అంటే విడిభాగాలు అంటించి రంగేసుకునే పెట్టె, అడిగితే ఇస్తారు, మిగ్ అడిగితే ఇస్తారు. మారుత్ అడిగితే మన మొహం చూస్తారు. అందుకే ఆ పిల్లవాడు సొంతంగా చేసుకున్నాడు.

జడ్జి అడిగారు: “ఏ కంపెనీ కిట్ బాబూ?”

“కిట్ కాదండి, నేనే చేశానండి.”

“మరి కొలతలు కరెక్టని ఏంటి నమ్మకం?”

నేను ఉండబట్టలేక లేచి స్కేలు అడిగాను. అసలు మారుత్ పొడవు 15.87 మీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు 9 మీటర్లు. నమూనాల్లో మామూలుగా వాడే 72వ వంతుకు తగ్గిస్తే 22 సెంటీమీటర్లు, పన్నెండున్నర సెంటీమీటర్లు. అందరి ముందూ స్కేలు పెట్టాను. రెండూ సరిపోయాయి. ప్రైజు మాత్రం కొన్న కిట్‌కి చక్కగా రంగేసిన ఇంకొకరికి ఇచ్చారు. మారుత్‌ని పేపర్లో చుట్టుకుని పిల్లవాడు వెళ్లిపోయాడు. నాకు ఆ కోపం ఇవాళ్టికీ తగ్గలేదు.

మన జిల్లా బొబ్బిలి వీణ ఏ కంపెనీదని ఎవరైనా అడుగుతారా? గొల్లపల్లిలో పనస మొద్దును తొలిచి వీణ తీసేవాళ్లకు ఏ కిట్ ఇచ్చారండీ? ఆ జిల్లాలో పుట్టి, పిల్లవాడి చేతిపనిని అనుమానిస్తామా?

ఆ పిల్లవాడు ఏమేం వాడాడో చెబుతాను, రాసుకోండి. ఫ్లెక్సీ షాపువాళ్లు పారేసే సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ అట్ట) ముక్కలు పొరలుపొరలుగా అంటించి, సాండ్‌పేపర్‌తో అరగదీసి బాడీ తీశాడు. సందుల్లో ఎం-సీల్. పైలట్ మీది అద్దం కోసం ముందు ఆ ఆకారంలో చిన్న కర్ర అచ్చు చెక్కాడు. దాన్ని వాటర్ బాటిల్లో పెట్టి బయట నుంచి వేడిగాలి కొడితే, ప్లాస్టిక్ ముడుచుకుని అచ్చును పట్టేసింది. చల్లారాక కోసి తీశాడు. దాన్ని ఫెవిక్విక్‌తో అంటించకండి, ఆ ఆవిరికి అద్దం తెల్లగా మసకేస్తుంది. ఫెవికాల్ చాలు. ముక్కు ముందుండే సన్న గొట్టానికి ఇంజెక్షన్ సూది. సూది మాత్రం కొత్తది కొని, మొన పెద్దవాళ్లే విరిచి ఇవ్వాలి. వాడిపారేసిన సూదుల జోలికి ఎవరూ వెళ్లకూడదు. తల్లులూ, ఇది గట్టిగా పట్టించుకోండి.

ఇక ఫొటో. చాలామంది పైనుంచి తీస్తారు, అందుకే బొమ్మ బొమ్మలాగే ఉంటుంది. ఆరడుగుల మనిషి ఈ 72వ వంతు కొలతలో ఒక్క అంగుళం ఉంటాడు. కాబట్టి లెన్స్ కూడా రన్‌వే నుంచి అంగుళం ఎత్తులోనే ఉండాలి. ఫోన్‌ని తలకిందులు చేయండి, లెన్స్ కిందికొస్తుంది. మరీ దగ్గరికి పోతే ముక్కు ఉబ్బి, తోక చిక్కిపోతుంది. వెనక్కి జరిగి జూమ్ చేయండి. డాబా మీద రన్‌వేగా ఒక పలక వేసి, పొద్దున్న ఎండలో, వెనక అసలు ఆకాశం వచ్చేలా తీయండి. రెండు లైట్లు పెడితే రెండు నీడలు పడతాయి, ఆకాశంలో సూర్యుడు ఒక్కడే కదా. నేల కోసం ఇసుక చల్లకండి. ఒక మిల్లీమీటరు రేణువు ఫొటోలో ఏడు సెంటీమీటర్ల రాయైపోతుంది. రోడ్డు మట్టిని వస్త్రగాళితం పట్టి చల్లండి.

అసలు విమానం చూడకుండా ఇవేవీ కుదరవు. విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 అనే పెద్ద నిఘా విమానం ఉంది. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసి 2017లో రిటైరైంది. దాని ముందు సెల్ఫీ దిగి వచ్చేయకండి. కిందికి వంగి చక్రాల గూళ్లు, పొగచారలు, రంగు వెలిసిన చోట్లు ఫొటో తీసుకోండి. అవే రేపు మీకు పనికొస్తాయి.

జడ్జీలుగారూ, బల్ల దగ్గరికి వెళ్లినప్పుడు ధర అడగకండి, కంపెనీ అడగకండి. “ఇందులో నువ్వు చేసింది ఏది, ఎలా చేశావు?” అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా నిలబడి వినండి. మార్కులు దానికి వేయండి.

నిర్వాహకులకు ఒక్క విన్నపం. ఈ హాలు వెనక గది ఖాళీగానే ఉంది. ఒక బల్ల, తాళం వేసుకునే బీరువా ఇప్పించండి చాలు. ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి నేను వచ్చి కూర్చుంటాను. రావాలనుకునే పిల్లలు ఒక ఖాళీ వాటర్ బాటిలూ, పాడైపోయిన ఇయర్‌ఫోన్ ఉంటే అదీ తెచ్చుకోండి. లోపలి తీగలు కాక్‌పిట్‌కి పనికొస్తాయి. వేడిగాలి గన్ నేను తెస్తాను.