పాత బండి, పాత లైసెన్సు: పెయింటు కంటే ముందు చూడాల్సింది నంబర్లు

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్ పాత మోటార్‌సైకిళ్ల మీద. లైసెన్సులు, సి-బుక్కుల సంగతి చెప్పడానికి రిటైర్డ్ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ గారు, ఇంజను సంగతి చెప్పడానికి పాత బళ్ల మెకానిక్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ ఏలూరు నుంచి. చెప్పండి.

కాలర్: నమస్కారమండీ. నా లైసెన్సు 1994 నాటిది, పుస్తకంలా ఉంటుంది. 2013లో నాకు యాభై నిండినప్పుడు రెన్యువల్ చేయించాను. అది 2018తో అయిపోయింది. మళ్లీ బుల్లెట్ తీద్దామనుకుంటున్నాను. రెన్యువల్ చేస్తారా?

ఇన్‌స్పెక్టర్: టెస్టు లేకుండా చేయరండీ. 2019 సెప్టెంబరు 1 నుంచి రూలు మారింది. గడువు తీరిన ఏడాదిలోపు దరఖాస్తు పెడితేనే టెస్టు లేకుండా అవుతుంది. అంతకుముందు అయిదేళ్ల వరకు వీలుండేది. గడువు తీరాక 30 రోజులు చెల్లుతుందనే వెసులుబాటు కూడా తీసేశారు. అంటే తేదీ అయిపోయిన మర్నాడు బండెక్కినా లైసెన్సు లేనట్టే లెక్క.

కాలర్: అయితే మొదట్నుంచీ మొదలెట్టాలా?

ఇన్‌స్పెక్టర్: మీది ఏళ్ల తరబడి ఆగిపోయింది కాబట్టి ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్స్ లైసెన్సు, తీసుకోవడమే మంచిది. టెస్టుకు ముందు రోడ్డు మీద చెయ్యి అలవాటు చేసుకోవాలన్నా మీ దగ్గర చెల్లే కాగితం ఉండాలి కదా. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. నలభై దాటినవాళ్లకు డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి. మీ వయసుకు లైసెన్సు అయిదేళ్లకే ఇస్తారు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్.

ఇంకొకటి, ఇది పాత పుస్తకం లైసెన్సులున్న అందరికీ. పుస్తకం ఆఫీసులో ఇచ్చేముందు ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, స్కాన్ చేసి పెట్టుకోండి. పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కకపోతే ముందు అది ఎక్కించమని అడగాలి. ఎక్కించేటప్పుడు కారు ఒక్కటే రాసి మోటార్‌సైకిల్ వదిలేయడం తరచూ జరిగే పొరపాటు. కార్డు చేతికి రాగానే గేరున్న మోటార్‌సైకిల్, అంటే ఎంసీడబ్ల్యూజీ, ఉందో లేదో అక్కడే కౌంటరు ముందే చూసుకోండి. లేకపోతే ఆ నిమిషంలోనే చెప్పండి. నెల తర్వాత వెళ్తే పాత పుస్తకం మళ్లీ చూపించమంటారు. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవాలి. పాత పుస్తకాల్లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, అక్కడే పని ఆగిపోతుంది.

మెకానిక్: టెస్టుకు మీ పాత బుల్లెట్ తీసుకెళ్లకండి. దానికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఒత్తిడిలో కాలు తడబడుతుంది. ఎడమ గేరు బండి మీద టెస్టు అవ్వగొట్టి, తర్వాత ఖాళీ గ్రౌండులో పాత బండి మీద కాళ్లు అలవాటు చేసుకోండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ ఖమ్మం నుంచి.

కాలర్: సార్, ఒక 1972 జావా అమ్మకానికి ఉంది. ఓనరు చనిపోయారు, వాళ్లబ్బాయి అమ్ముతున్నారు. సి-బుక్కు పోయిందంటున్నారు. బండి మాత్రం బాగుంది. అడ్వాన్సు ఇవ్వమంటారా?

ఇన్‌స్పెక్టర్: ఇవ్వకండి. ముందు బండి దగ్గరికి ఒక తెల్లకాగితం, పెన్సిలు పట్టుకెళ్లండి. హ్యాండిల్ కింద స్టీరింగ్ హెడ్ దగ్గర ఫ్రేము మీద ఛాసిస్ నంబరు గుద్ది ఉంటుంది. పెయింటు మందంగా ఉంటే థిన్నరుతో తుడవండి, గీకకండి. కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే అచ్చు పడుతుంది. ఇంజను నంబరుకు కూడా అలాగే. అంకెలు ఒక వరుసలో లేకపోయినా, లోతు ఒక్కో అంకెకు ఒక్కోలా ఉన్నా, చుట్టూ రేకు గ్రైండింగ్ చేసినట్టు నున్నగా ఉన్నా, బండి ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి.

కాలర్: నంబర్లు శుభ్రంగా ఉంటే?

ఇన్‌స్పెక్టర్: నంబరు ప్లేటు మీది పాత మూడక్షరాల నంబరు రాసుకుని, ఆ బండి రిజిస్టరైన ఆఫీసుకు వెళ్లి బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్, అంటే ఆఫీసు రికార్డు నకలు, అడగండి. అందులో మొదటి ఓనరు, చివరి ఓనరు, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, ట్యాక్సు వివరాలు ఉంటాయి. మీ పెన్సిలు అచ్చు దాంతో కలిస్తేనే బేరం మొదలవుతుంది. కలిసిందనుకోండి, సి-బుక్కు పోయిందని పోలీసు స్టేషన్లో ఫిర్యాదు, ఫారం 26తో డూప్లికేటు, చనిపోయినవారి పేరు నుంచి వారసుడి పేరుకు ఫారం 31, దానికి మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం. తక్కిన వారసులు ఒప్పుకున్నట్టు కాగితం కూడా తీసుకోండి. ఇద్దరు చెల్లెళ్లుండి ఒక్క అన్న అమ్మితే రేపు మీ మెడకే చుట్టుకుంటుంది. వారసుడి పేరు మీదికి వచ్చాకే ఫారం 29, ఫారం 30తో మీ పేరుకు. ఈ పని అమ్మేవాళ్లతోనే చేయించండి, డబ్బు చివర్లో ఇవ్వండి.

వ్యాఖ్యాత: యాభై ఏళ్లు దాటింది కాబట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా?

ఇన్‌స్పెక్టర్: వీలుంది. 2021లో వచ్చిన రూల్సు ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న టూవీలర్, కారు వింటేజ్ కిందికి వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత అయిదేళ్లకు 5,000. నంబరులో రాష్ట్రం కోడు పక్కన వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ దీనికో ముడి ఉంది. ఆ బండిని రోజూ ఆఫీసుకు, సంతకు వాడకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు పోయించడం, రిపేరు, వీటికే రోడ్డెక్కాలి. ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. ఈ జావాకు ఆఫీసులో రికార్డు దొరికితే పాత నంబరు కాపాడుకోవడమే నా సలహా. ఆ మూడక్షరాలు ఒకసారి పోతే తిరిగిరావు.

మెకానిక్: ఆ బండికి వేరే ఇంజను ఎక్కించమని, బాబర్‌లా, అంటే మడ్‌గార్డులు తగ్గించి కురచగా, కోయించమని ఎవరైనా చెబితే వినకండి బాబూ. ఫ్రేము కోశాక వింటేజ్ అర్హత పోతుంది, బండి విలువా పోతుంది. పాత మడ్‌గార్డు సొట్ట పడితే సొట్ట తీయించండి, మార్చకండి.

వ్యాఖ్యాత: నిజామాబాద్ నుంచి ఒకమ్మగారు లైన్లో ఉన్నారు.

కాలర్: మా మనవడికి పదిహేడేళ్లు. తాతగారి యెజ్డీ ఊళ్లో నడుపుతానంటున్నాడు. వాళ్ల తాత లైసెన్సు ఇంట్లో ఉంది, అది పనికొస్తుందా?

ఇన్‌స్పెక్టర్: రాదమ్మా. లైసెన్సు ఎవరిది వారిదే, వారసత్వంగా రాదు. పదహారేళ్లకు 50 సీసీ దాటని బండికే లైసెన్సు ఇస్తారు. యెజ్డీ 250 సీసీ, పద్దెనిమిది నిండాల్సిందే. మైనరు బండి నడిపి పట్టుబడితే సెక్షన్ 199ఏ కింద పెద్దవాళ్లకు 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. పద్దెనిమిది నిండేలోపు బాబుకు బండి తుడవడం, ప్లగ్గు విప్పడం నేర్పించండి.

వ్యాఖ్యాత: గుంటూరు నుంచి కాల్. బండి పనేనట.

కాలర్: నమస్తే. 1978 బుల్లెట్ 350, పదేళ్లుగా షెడ్డులో ఉంది. కాగితాలన్నీ ఉన్నాయి. కిక్కు దిగుతోంది. పెట్రోలు పోసి కొట్టేద్దామా?

మెకానిక్: కొట్టకండి. పదేళ్లు ఆగిన ఇంజనుకు లోపల గోడలు పొడిగా ఉంటాయి. ప్లగ్గు విప్పి, సిలిండరులోకి 10 మి.లీ. ఇంజనాయిలు పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు ప్లగ్గు పెట్టకుండానే కిక్కు చేత్తో మెల్లగా తిప్పండి.

తర్వాత ఆయిలు. ఈ బండిలో ఆయిలు ట్యాంకు, ఇంజను కింది గది పక్కపక్కనే ఉంటాయి. ఏళ్ల తరబడి నిలబెడితే ఆయిలు పంపు సందుల్లోంచి మెల్లగా కింది గదిలోకి దిగిపోతుంది. అలాగే స్టార్టు చేస్తే పొగ దట్టంగా వస్తుంది, ఇంజను గాలి వదిలే బ్రీదర్ పైపులోంచి ఆయిలు కక్కుతుంది. బోరు పోయిందని భయపడి ఇంజను విప్పించేస్తారు. అసలు కారణం నిలవ ఆయిలే. కింది డ్రెయిన్ బోల్టులన్నీ విప్పి మొత్తం వంపేయండి. కొత్తది 20డబ్ల్యూ-50, రెండున్నర లీటర్లు దగ్గర పెట్టుకుని డిప్‌స్టిక్ గీత చూసుకుంటూ పోయండి.

కాలర్: కిక్కు వెనక్కి తంతుంది అంటారు కదా, అదెందుకు?

మెకానిక్: మంచి ప్రశ్న. కాళ్లు విరిగేది అక్కడే. ప్లగ్గులో నిప్పురవ్వ పడేలా చేసే పాయింట్ల కింద ఆటో అడ్వాన్స్ అని రెండు ఇనప గుళ్లు, రెండు చిన్న స్ప్రింగులు ఉంటాయి. తుప్పు పట్టి ఆ గుళ్లు తెరుచుకుని బిగుసుకుపోతే నిప్పురవ్వ ముందే పడుతుంది. పిస్టను పైకి రాకముందే పేలుడు, కిక్కు వెనక్కి. పాయింట్ల ప్లేటు విప్పి, గుళ్లు వేలితో తెరిచి వదిలితే టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే కిరోసినుతో కడిగి, చుక్క ఆయిలు వేసి, స్ప్రింగు సాగి ఉంటే మార్చండి. పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ., ప్లగ్గు సందు 0.5 మి.మీ. నిప్పురవ్వ టైమింగు ఆ గుళ్లు మూసి ఉన్నప్పుడు పిస్టను పైకి రావడానికి 0.8 మి.మీ. ముందు. ట్యాపెట్లు, అంటే వాల్వుల సందు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడండి. పుష్‌రాడ్ వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు.

ఇప్పుడు కిక్కు పద్ధతి. తాళం తిప్పి ఆన్ చేసి, కిక్కు మెల్లగా నొక్కుతూ కరెంటు చూపే అమ్మీటరు చూడండి. పాయింట్లు మూసి ఉంటే ముల్లు ఎడమకు వాలుతుంది. ముల్లు మధ్యకు వచ్చిన చోట ఆపండి. సిలిండరులోని ఒత్తిడి వదిలించే డీకంప్రెసరు లీవరు నొక్కి కిక్కు ఇంకో రెండు మూడు అంగుళాలు దింపి లీవరు వదిలేయండి. కిక్కును పైదాకా రానిచ్చి, అప్పుడు ఒక్క నిండు తొక్కు. బలం అక్కర్లేదు, ఆగకుండా కిందిదాకా పోవాలంతే. స్టార్టయ్యాక హెడ్డుకు వెళ్లే సన్న ఆయిలు పైపు బోల్టు కొద్దిగా వదులు చేయండి. నిమిషంలో ఆయిలు కారాలి. కారకపోతే వెంటనే ఆపి పంపు చూడండి.

వ్యాఖ్యాత: టైర్ల సంగతి?

మెకానిక్: పదేళ్లవి తీసేయాల్సిందే. పైన గళ్లు బాగున్నా రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టుండదు. పక్కన నాలుగంకెల కోడు ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

వ్యాఖ్యాత: విశాఖపట్నం కాల్.

కాలర్: నా దగ్గర యెజ్డీ ఉంది సార్. ఇప్పుడు బంకుల్లో ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలే కదా. ట్యాంకులో తుప్పు, ట్యాపు కారుతోంది. ఏం చేయాలి?

మెకానిక్: మీ ఊరి సముద్రపు గాలికి తోడు ఇథనాలు. ఇథనాలు తేమను పీలుస్తుంది. బండి నెలల తరబడి ఆగితే నీళ్లు, ఇథనాలు కలిసి పెట్రోలు కింద అడుగుకు దిగుతాయి. మీరు కలిపిన 2టీ, అంటే టూస్ట్రోకు ఆయిలు పైన పెట్రోల్లోనే ఉండిపోతుంది. అడుగున ఉన్నది ముందు ఇంజనులోకి వెళ్తుంది, అందులో ఆయిలు ఉండదు. టూస్ట్రోకు బండికి ఇదే ప్రమాదం, పిస్టను పట్టేస్తుంది. అందుకని మూడు వారాలకు మించి ఆపాలంటే ట్యాపు కట్టి, కార్బొరేటర్ గిన్నె ఖాళీ చేయండి. ట్యాపులోని పాత రబ్బరు, కార్క్ వాషర్లు ఇథనాలుకు పాడవుతాయి, అందుకే కారుతోంది. వైటన్ రబ్బరు వాషర్లు అడిగి తెచ్చుకోండి. పెట్రోలు పైపు కూడా మార్చండి.

కాలర్: ట్యాంకులోకి యాసిడ్ పోయమన్నారు...

మెకానిక్: బాత్రూము యాసిడ్ వద్దు. తుప్పుతోపాటు రేకునూ తింటుంది, అతుకుల్లో మిగిలి ఆర్నెల్లకు చిల్లులు పెడుతుంది. ట్యాపు తీసి ఆ కంత రబ్బరు బిరడాతో మూయండి. వేడినీళ్లు, వాషింగ్ సోడాతో కడిగి జిడ్డు వదిలించండి. తర్వాత ట్యాంకు నిండా నీళ్లు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా. మూతలోంచి ఒక ఇనప కడ్డీ దింపండి, ట్యాంకుకు ఎక్కడా తగలకుండా. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జరు ప్లస్ వైరు కడ్డీకి, మైనస్ వైరు ట్యాంకుకు. తారుమారైతే ట్యాంకే కరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ వాడకండి, విషపు పదార్థం పుడుతుంది. ఆరుబయట పెట్టండి, వచ్చే గ్యాసు హైడ్రోజన్, దగ్గర్లో బీడీ కూడా వెలిగించకూడదు. ఆరేడు గంటలకు నల్ల మడ్డి వదులుతుంది. కడిగి, బ్లోయరుతో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే కాస్త 2టీ ఆయిలు పోసి లోపలంతా తిప్పండి. ఆ ఒక్క గంట ఆలస్యమైతే మళ్లీ ఎర్రబడుతుంది.

కాలర్: ఆయిలు ఎంత కలపాలి?

మెకానిక్: లీటరుకు 40 మి.లీ. బంకులో పోసి ఊపడం కాదు, విడిగా డబ్బాలో కలిపి పోయండి. ఈ20 వల్ల గాలి, పెట్రోలు మిశ్రమం పలచనవుతుంది కాబట్టి ప్లగ్గు రంగు చూస్తూ ఉండండి. గోధుమ రంగు ఉంటే సరే. తెల్లగా మారితే కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్టు ఒక సైజు పెంచండి.

వ్యాఖ్యాత: చివరి కాల్, కర్నూలు.

కాలర్: 1989 ఆర్‌ఎక్స్ 100 వింటేజ్ బండి అని లక్షన్నర అడుగుతున్నారు. నిజమేనా సార్?

ఇన్‌స్పెక్టర్: రూలు ప్రకారం వింటేజ్ కాదు, 50 ఏళ్లు 2039కి నిండుతాయి. ఇది మామూలు పాత బండే. మొదటి 15 ఏళ్ల తర్వాత అయిదేళ్లకోసారి ఫారం 25తో రెన్యువల్ జరిగిందా, పాత బళ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్సు బాకీ ఉందా, అది చూడండి. 2000 మార్చి 31కి ముందు తయారైన టూవీలర్‌కు పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాకా వదులుతారు. దానికి లోబడిందో లేదో మీ ముందే పరీక్ష చేయించమనండి.

మెకానిక్: సి-బుక్కులో 98 సీసీ అని ఉండాలి. లోపల 135 ఇంజను పెట్టి వంద అని అమ్మేవాళ్లున్నారు. పెన్సిలు, కాగితం మీరూ పట్టుకెళ్లండి. సిలిండరు చుట్టూ ఉండే రెక్కలు, అంటే ఫిన్లు, విరిగి అతికించారేమో చూడండి, చల్లటి బండి మీ ముందు స్టార్టు చేయమనండి. ముందే వేడి చేసి ఉంచితే ఎందుకని అడగండి.