స్టార్ట్ కాని బండి, కంప్రెషన్ టెస్టర్ కిట్: గేజ్ బాగుంది, గొట్టం చివర పిన్నే కొంప ముంచుతోంది

నమస్కారం అండి, వైజాగ్ నుంచి మాట్లాడుతున్నా. ముందే చెప్పేస్తున్నా, సిలిండర్లో పిస్టన్ గాలిని ఎంత ప్రెషర్‌తో నొక్కుతోందో కొలిచే ఈ కంప్రెషన్ టెస్టర్ కిట్ అమ్మేవాళ్ళే ఊరికే పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఫలానాలా చెప్పమని అడగలేదు. 300 పిఎస్ఐ గేజ్, 10, 12, 14 ఎంఎం అడాప్టర్లు, ఇవన్నీ మీరు లింకులో చూసే ఉంటారు, మళ్ళీ చదవను. నా గొడవంతా గొట్టం చివర ఉంది, అక్కడికే పోదాం.

ఇదిగో, ప్లగ్ హోల్‌లో బిగించే కొస. లోపల చిన్న పిన్ కనిపిస్తోందా? టైరు వాల్వ్ పిన్‌లాగే ఉంటుంది. పిస్టన్ తోసిన గాలిని గొట్టంలోకి పోనిచ్చి, వెనక్కి రాకుండా ఆపడం దీని పని. అది చివరనే ఎందుకుండాలి అంటారా? లెక్క చూడండి. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఒక్కో సిలిండర్‌కి 300 సీసీ. కంప్రెషన్ రేషియో 10, అంటే పిస్టన్ కిందున్నప్పటి మొత్తం జాగా పైకొచ్చాక మిగిలేదానికి పది రెట్లు అయితే, ఆ మిగిలే జాగా 33 సీసీ. పిన్ గేజ్ దగ్గర ఉందనుకోండి, గొట్టంలో ఉన్న జాగా కూడా ఆ 33కి కలుస్తుంది. గొట్టం 10 సీసీ కలిపితే చాలు, రేషియో 8కి పడిపోతుంది. ఇంజిన్‌కి ఏ రోగమూ లేకుండానే రీడింగ్ తగ్గిపోతుంది.

ఈ కిట్‌లో పిన్ సరైన చోటే పెట్టారు, మెచ్చుకోవాల్సిందే. కానీ పెట్టింది మామూలు టైరు పిన్ అండి! దాని స్ప్రింగ్ గట్టిగా ఉంటుంది. స్ప్రింగ్‌ని తోసి తెరిచాకే గాలి గొట్టంలోకి వెళ్తుంది కాబట్టి, ఆ మేరకు గేజ్ తక్కువ చూపిస్తుంది. టెస్టర్లకి మెత్తటి స్ప్రింగ్ పిన్ వేరే దొరుకుతుంది. దాన్ని వెయ్యకుండా మిగుల్చుకున్నదెంత? చిల్లర. జరిగే నష్టం? నాలుగు సిలిండర్లూ సమానంగా తక్కువ చూపిస్తాయి, "పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ దింపాలి" అనే మాట వస్తుంది. ఆటోనగర్లో ఇంజిన్ దింపాక, పిన్ తప్పు అని తేలితే ఎవరిని అడుగుతారు?

అందుకే కొత్త టెస్టర్‌ని ముందు బాగా నడుస్తున్న బండి మీద పెట్టి చూడండి. మంచి పెట్రోల్ ఇంజిన్ 150 నుంచి 180 మధ్య చూపించాలి. సెల్ఫ్ కొట్టడం ఆపాక ముల్లు అక్కడే నిలబడాలి. జారిపోతోందంటే పిన్ను గానీ ఓ-రింగ్ (కొస దగ్గరి రబ్బరు సీలు) గానీ లీకు.

ఇక స్టార్ట్ కాని బండి. సెల్ఫ్ కొడితే ఇంజిన్ లయ లేకుండా, బరువే లేనట్టు గిర్రున తిరుగుతోందా? అప్పుడు కంప్రెషన్ మీద అనుమానం పడాలి. ప్లగ్‌లు విప్పేముందు గుంతల్లో గాలి కొట్టండి. మన ఊళ్ళో బీచ్ ఇసుక, పోర్టు దుమ్ము రెండూ అక్కడే పేరుకుంటాయి, సిలిండర్లో పడితే కొత్త తలనొప్పి. కాయిల్, ఇంజెక్టర్ కనెక్టర్లు పీకేసి, నాలుగు ప్లగ్‌లూ తీసెయ్యండి. బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకోవాలి. ఇది మర్చిపోతే లోపలికి సరిపడా గాలి రాదు, మళ్ళీ దొంగ రీడింగే. ఆరు పఫ్‌ల వరకు, అంటే పిస్టన్ ఆరుసార్లు గాలి తోసేదాకా తిప్పండి.

చివరి అంకె ఒక్కటే కాదు, మొదటి పఫ్ కూడా రాసుకోండి. మంచి సిలిండర్ తొలి పఫ్‌కే సగం దాటేస్తుంది. రింగులు అరిగితే కొద్దికొద్దిగా ఎక్కుతుంది. ఇంజిన్ వాల్వ్ సరిగ్గా మూసుకోకపోతే తక్కువ దగ్గర మొదలై అక్కడే ఉండిపోతుంది. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్, అంటే సిలిండర్లకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు. నాలుగూ పడిపోతే ముందు టైమింగ్ చూడండి, వాల్వ్‌లని తిప్పే బెల్ట్ పళ్ళు దాటిందేమో. అది కాకపోతే, పదేపదే సెల్ఫ్ కొట్టడం వల్ల పెట్రోల్ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి ఉండొచ్చు. ప్లగ్ తడిగా, పెట్రోల్ వాసనతో వస్తే అదే.

ఒక్కో సిలిండర్లో 5 ఎంఎల్ ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి. పెరిగితే రింగులు లేదా కడిగేసిన గోడలు, పెరగకపోతే వాల్వ్ లేదా గ్యాస్కెట్. ఎక్కువ పొయ్యకండి, ఆయిలే జాగా తినేసి అంకె పెంచేస్తుంది. కడిగేసిన ఇంజిన్ అయితే ఈ ఆయిల్‌తోనే స్టార్ట్ అయిపోవచ్చు, పైసా ఖర్చు లేదు.

వాన నీళ్ళలో ఆగిపోయిన బండికి మాత్రం ప్లగ్‌లు తియ్యకుండా సెల్ఫ్ కొట్టొద్దు. నీరు గాలిలా కుదించుకోదు, పిస్టన్‌ని పట్టుకున్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. రాడ్ వంగితే పిస్టన్ పూర్తిగా పైకి రాదు, ఆ ఒక్క సిలిండర్ కంప్రెషన్ తగ్గుతుంది. అక్కడ ఆయిల్ పోసి కొలిచినా మోసపోతారు.

ఇంకో చిరాకు: గొట్టం విప్పితే అడాప్టర్ హెడ్‌లోనే ఉండిపోతుంది. అడాప్టర్‌ని గొట్టానికి స్పానర్‌తో గట్టిగా, హెడ్‌లో మాత్రం చేత్తోనే బిగించండి. అడాప్టర్ల మీద పూత పల్చన. మన ఉప్పుగాలికి తుప్పు పట్టేస్తాయి, ఆయిల్ గుడ్డలో చుట్టి పెట్టుకోండి. అయినా ఒకరు గట్టిగా నొక్కి పట్టుకోవాల్సిన రబ్బరు కోన్ టెస్టర్లతో పోలిస్తే ఈ స్క్రూ గొట్టం హాయి.

కొనాలా? గేజ్ నచ్చింది, గొట్టం నచ్చింది. కానీ పిన్ మార్చుకునే ఓపిక లేనివాళ్ళకి నేను వద్దనే చెప్తా. పంపినవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, పిన్ మార్చి అమ్మండి సార్. డీజిల్ బండి వాళ్ళు దీని జోలికే రావద్దు. అక్కడ ప్రెషర్ 400 పిఎస్ఐ కూడా దాటొచ్చు, ఈ గేజ్ పాడైపోతుంది.