ముందు దాచుకోండి, తర్వాత తీసేయండి

అందరికీ నమస్కారం.

చలికాలమంతా మూసి ఉంచిన కిటికీలు ఇప్పుడిప్పుడే తెరుస్తున్నాం. ఎండ ఏటవాలుగా గదిలో పడేసరికి అల్మరా మీది దుమ్ము, మంచం కింది అట్టపెట్టెలు, మూలన కట్ట కట్టి పెట్టిన పాత కాగితాలు ఒక్కసారిగా కళ్ళకి కనిపిస్తాయి. ఇవాళ దీని అంతు చూడాల్సిందే అన్న ఊపు వస్తుంది. ఆ ఊపు మంచిదే. కానీ ఆ ఊపులో నేను చేసిన ఒక పని గురించి ముందు చెప్పాలి. ఈరోజు నేను చెప్పే మాటలన్నీ దాని నుంచి వచ్చినవే.

మూడేళ్ళ క్రితం ఇలాంటి రోజుల్లోనే నా ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయింది. ఫొటో తీద్దామంటే కుదరదు, వచ్చిన వీడియో తెరుచుకోదు. ఎలాగూ ఇల్లు సర్దుతున్నాను కదా అని ఫోన్ కూడా పట్టుకుని కూర్చున్నాను. వాట్సాప్‌లో ఏ చాట్ ఎంత చోటు తింటోందో చూసి, పెద్దవి వరసగా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. పావుగంటలో పదకొండు జీబీ ఖాళీ అయింది. ఎంత హాయిగా అనిపించిందో! ఆ పెద్దవాటిలో నాన్న చాట్ కూడా ఉంది. ఆయనకి టైప్ చేయడం ఇష్టం ఉండేది కాదు, ఏ చిన్న విషయమైనా వాయిస్ మెసేజ్ పెట్టేవారు.

కొన్నాళ్ళకే నాన్న పోయారు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఒక రాత్రి చెల్లి అడిగింది, "అన్నయ్యా, నాన్న మెసేజ్‌లు నీ దగ్గర ఉంటాయి కదా, ఒకటి వినిపించవా" అని. ఫోనంతా గాలించాను. ఒకే గోడని తొమ్మిదిసార్లు తీసిన ఫొటోలున్నాయి. ఎందుకు తీశానో గుర్తులేని స్క్రీన్‌షాట్లు వందల కొద్దీ ఉన్నాయి. ఎవరెవరో ఫార్వర్డ్ చేసిన శుభోదయాలున్నాయి. నాన్న గొంతు మాత్రం లేదు.

చివరికి బాబాయి ఫోన్‌లో ఒకటి దొరికింది. ముప్పై ఎనిమిది సెకన్లు. గేటు గొళ్ళెం సరిగ్గా పడటం లేదు, వచ్చేటప్పుడు స్క్రూడ్రైవర్ తెచ్చిపెట్టు అని. మధ్యలో ఒకసారి దగ్గుతారు. వెనకాల ఫ్యాన్ చప్పుడు వినిపిస్తూ ఉంటుంది.

అప్పటి నుంచి నా పద్ధతి తిరగబడింది. ఇల్లయినా ఫోనయినా, ఏం తీసేయాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టను. ఏది పోతే మళ్ళీ రాదు అని ముందు చూసుకుంటాను. దాన్ని భద్రం చేశాకే మిగతా వాటి జోలికి వెళ్తాను.

ఇంట్లో ఒక సొరుగుతో చూద్దాం. ప్రతి ఇంట్లోనూ అలాంటి సొరుగు ఒకటి ఉంటుంది. ఒక చెవికే వినిపించే ఇయర్‌ఫోన్లు, ఏ ఫోన్‌వో తెలియని ఛార్జర్లు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, ఎప్పుడో పోయిన మిక్సీ వారంటీ కార్డు. ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని "ఇది పారేయాలా?" అని అడిగితే, "ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది" అనే జవాబే వస్తుంది. ఇందులో మన బలహీనతేమీ లేదు. మనిషి మనసే అలా పనిచేస్తుంది. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. తరగతిలో సగం మంది విద్యార్థులకి కాఫీ కప్పులిచ్చి, మిగతావాళ్ళకి అమ్ముకోవచ్చన్నారు. కప్పు ఉన్నవాళ్ళు అడిగిన ధర, లేనివాళ్ళు ఇస్తామన్న ధరకి సుమారు రెట్టింపు. ఆ కప్పు చేతికి వచ్చి కాసేపే అయింది. మరి పదేళ్ళుగా మన సొరుగులో ఉన్న ఛార్జర్ మీద మమకారం ఉండదా?

అందుకే సొరుగంతా ఒక దుప్పటి మీద కుమ్మరించండి. ఖాళీ సొరుగు తుడవండి. ఇప్పుడు ప్రశ్న మార్చండి: ఈ కుప్పలోంచి ఏవి మళ్ళీ లోపలికి వెళ్ళాలి? చెయ్యి దానంతట అదే అవసరమైన వాటి మీదికి పోతుంది. నేను చూసినంతలో పది పన్నెండు వస్తువులు లోపలికి వెళ్తాయి, మిగతావి దుప్పటి మీదే ఉండిపోతాయి. వాటిని చూస్తే పెద్దగా బాధ కూడా వేయదు.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో ఇంకొకరి వస్తువులు వాళ్ళు లేనప్పుడు తీసేయకండి, ఎంత చెత్తగా కనిపించినా సరే. అలాగని ఆ చిందరవందరని ఎవరో ఒకరే మోస్తూ ఉండటం కూడా న్యాయం కాదు. 2010లో లాస్ ఏంజిలిస్‌లో 30 జంటల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ మామూలుగా పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. తమ ఇంటి గురించి చెప్పేటప్పుడు చిందరవందర, సగంలో ఆగిన పనులు అనే మాటలు ఎక్కువగా వాడిన భార్యల్లో అది తగ్గాల్సినంత తగ్గలేదు. భర్తల్లో ఆ తేడా అంతగా కనిపించలేదు. వస్తువులు అందరివీ, టెన్షన్ మాత్రం ఒకరిది. కాబట్టి సర్దే రోజు ఇంట్లో అందరూ కూర్చోవాల్సిందే.

ఇక జ్ఞాపకాలు ముడిపడిన వస్తువులు. అసలు కష్టమంతా వీటితోనే. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో దానం కోసం వస్తువుల సేకరణ పెట్టారు. కొన్ని హాస్టళ్ళలో మామూలుగా ఇవ్వమన్నారు, కొన్నింటిలో ఇష్టమైన వస్తువుని ఫొటో తీసుకుని ఇవ్వమన్నారు. మొదటి చోట 533 వస్తువులు వస్తే రెండో చోట 613 వచ్చాయి. 2017లో వచ్చిన పరిశోధన ఇది. వదులుకోలేనిది వస్తువుని కాదు, దానితో ఉన్న జ్ఞాపకాన్ని అని దీన్నిబట్టి నాకు అర్థమైంది.

నాన్న రేకు డబ్బా విషయంలో నేనూ అదే చేశాను. నిండా మేకులు, నట్లు, తుప్పు పట్టిన బోల్టులు. మూత తీసి, లోపల ఎలా ఉందో అలాగే ఒక ఫొటో తీశాను. పిడి అరిగిన చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. మిగతాదంతా అలాంటి పనులు చేసుకునే అతనికి ఇచ్చేశాను.

కానీ ఆ ఫొటో వెళ్ళి ఇరవై వేల ఫొటోల మధ్య పడితే? ఇంట్లోని కుప్ప ఫోన్‌లోకి మారిందే తప్ప తగ్గలేదు. అందుకే ఫోన్‌లో ఒక ఆల్బమ్ చేయండి. సంవత్సరానికి వంద ఫొటోలు చాలు. ముందు వాటిని ఎంచి అందులో పెట్టండి. పోతే ఏడిపించేవి ఏవో మీకు తెలుసు. వాటికి మూడు కాపీలు ఉండాలి, కనీసం రెండు రకాల సాధనాల్లో (ఫోన్, హార్డ్ డిస్క్ లాంటివి) ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి. కంప్యూటర్ వాళ్ళు 3-2-1 అనే పద్ధతి ఇదే. మార్చి 31ని ప్రపంచ బ్యాకప్ దినం అంటారు, ఆరోజు చేస్తే ఏటా గుర్తుంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ ఉంది కదా అని అదే యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. ఫోన్‌లో మాత్రమే చోటు ఖాళీ కావాలంటే దానికి 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే మీట ఉంది. పొరపాటు జరిగినా కంగారుపడకండి, బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది. ఐఫోన్‌లో 'రీసెంట్లీ డిలీటెడ్'లో సాధారణంగా 30 రోజులు.

కాపీలు అయ్యాక ఇక ధైర్యంగా తీసేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ దాటినవి విడివిడిగా చూపిస్తుంది. అక్కడి నుంచి మొదలుపెట్టండి, మనుషుల చాట్‌ల నుంచి కాదు. ప్రచార ఈమెయిళ్ళయితే డిలీట్ చేస్తూ కూర్చోకుండా అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి.

అకౌంట్ల గురించి కూడా చెప్పాలి. రెండేళ్ళు వాడని వ్యక్తిగత అకౌంట్లని తొలగించే పని గూగుల్ 2023 డిసెంబర్‌లో మొదలుపెట్టింది. పోయినవాళ్ళ అకౌంట్‌లో ఫొటోలుంటే అవీ వెళ్ళిపోవచ్చు. దీనికోసమే గూగుల్‌లో 'ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్', ఆపిల్‌లో 'లెగసీ కాంటాక్ట్' ఉన్నాయి. మన తర్వాత మన ఫొటోలు ఎవరి చేతికి వెళ్ళాలో మనమే ముందు రాసిపెట్టుకోవచ్చు. పది నిమిషాల పని. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ పక్కన కూర్చుని చేయించండి.

పాత ఫోన్లు ఎవరికైనా ఇచ్చేముందు అందులో లాగిన్ కోడ్‌లిచ్చే యాప్ ఉందేమో చూసి కొత్త ఫోన్‌లోకి మార్చుకోండి, తర్వాత అకౌంట్లన్నీ తీసి రీసెట్ చేయండి. బ్యాటరీ ఉబ్బితే నొక్కకండి, పొడవకండి, ఛార్జింగ్ పెట్టకండి. మామూలు చెత్తలో అసలే వేయకండి, మంటలు రావచ్చు. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు, అంటే పారేసిన ఎలక్ట్రానిక్ వస్తువులు పోగయ్యాయి. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క ఉన్నది 22.3 శాతమే. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.

ప్రశ్నలకి వెళ్ళేముందు ఐదు నిమిషాలు ఆగుదాం. అందరూ ఫోన్లు తీయండి. మీకు ఇష్టమైనవాళ్ళు ఒకరి చాట్ తెరవండి. వాళ్ళు పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి వెతకండి, ఏ విషయమైనా పరవాలేదు, ఇంటికొచ్చేటప్పుడు ఏదో తెమ్మన్నదైనా సరే. దాని మీద వేలు నొక్కి పట్టుకుని, షేర్ ద్వారా మీ ఈమెయిల్‌కి పంపుకోండి. సబ్జెక్ట్‌లో వాళ్ళ పేరు, ఈరోజు తేదీ రాయండి. ఎవరికైనా రాకపోతే చెయ్యెత్తండి, నేను వచ్చి చూపిస్తాను.